విడిచే ఊపిరి

రాయబారం సీను చూసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. కృష్ణుడు పద్యం ఎత్తుకుంటాడు. నాలుగు పాదాలూ పూర్తవుతాయి, మాట అయిపోతుంది. పాట మాత్రం అవదు. చివరి అక్షరం మీద రాగం అందుకుని పైకి తీసుకుపోతాడు, హార్మోనియం ఆ వెంటే పరుగెడుతుంది. పందిరి చివర చాపల మీద కూర్చున్నవాళ్ళు సైతం కదలరు. రాగం దిగి షడ్జమం మీద వాలగానే "వన్స్‌మోర్" అని కేకలు, ఆ కేకల మధ్య ఎవరో పక్కవాడితో అనే మాట: "ఏం దమ్మురా!"

ఆ మెచ్చుకోలు అచ్చంగా ఊపిరికి. మైకులు పల్లెలకి రాకముందు, రాత్రి పొద్దుపోయాక మొదలై తెల్లవారేదాకా నడిచే నాటకాల్లో, అంత జనంలో ఆ చివరి మనిషికి కూడా పద్యం వినిపించిన నటులకి ఉన్న ఆస్తి అదొక్కటే. ఈలపాట రఘురామయ్యగారు వేలు నోట్లో పెట్టుకుని ఈలతో రాగాలు పలికించారు. సన్నని సందులోంచి గాలిని లెక్క తప్పకుండా వదలగలిగితేనే ఈల రాగమవుతుంది. ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) కాళ్ళకి గజ్జెలు కట్టి, ఆడుతూ, పాడుతూ, నడుమ వచనం చెబుతూ గంటల తరబడి హరికథ నడిపేవారు. కూర్చుని పాడడం ఒక ఎత్తు. గంతు వేసిన మరుక్షణం శ్రుతి చెదరకుండా పల్లవి అందుకోవడం ఇంకో ఎత్తు. 1919లో విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాలుగా ఆయన్నే కూర్చోబెట్టారంటే, ఆ విద్యకి అప్పటివాళ్ళు ఎంత విలువ కట్టారో తెలుస్తుంది. తర్వాత రోజుల్లో ఘంటసాల సంగీతం నేర్చుకున్నది కూడా ఆ కళాశాలలోనే.

నేను సంగీతం నేర్చుకుని, ఇప్పుడు మా వీధిలో నలుగురు పిల్లలకి నేర్పుతున్నదాన్ని. పిల్లని తీసుకొచ్చే తల్లి మొదట అడిగేది దాదాపు ఒకటే. "మా పాపకి గొంతు బాగుందండీ, ఊపిరే చాలట్లేదు. డయాఫ్రం బలపడడానికి ఏవో ఎక్సర్‌సైజులుంటాయటగా, అవి చెప్పండి." ఆ తల్లి అడిగినదాంట్లో తప్పేమీ లేదు. నిజంగానే అభ్యాసాలున్నాయి, పనిచేస్తాయి కూడా. కానీ ఆ పిల్ల పాడుతుంటే చెవి పెట్టి వింటే నాకు తోచేది వేరు. ఊపిరికి కొదవ లేదు. పాట మొదటి మాటలోనే సగం గాలి ఊరికే కారిపోతోంది. మిగతా సగంతో లైనంతా ఈదాలి కాబట్టి చివరికొచ్చేసరికి మెడ నరాలు ఉబ్బుతాయి, శ్రుతి దిగిపోతుంది.

ఈ సంగతి అర్థం కావాలంటే ఆ కండరం గురించి కొంచెం తెలియాలి. మన పాఠ్యపుస్తకాల్లో దాన్ని ఉదరవితానం అన్నారు, డాక్టర్ల నోట డయాఫ్రం. ఛాతీకి, పొట్టకి మధ్య గుమ్మటం ఆకారంలో పరుచుకుని ఉంటుంది. పైన గుండె, ఊపిరితిత్తులు. కింద కాలేయం, జీర్ణాశయం. కాలేయం కుడివైపున ఉండడంతో గుమ్మటం అటువైపు కాస్త ఎత్తు. ఊపిరి పీల్చేటప్పుడు ఈ కండరం బిగుసుకుని కిందికి దిగుతుంది, ఛాతీలో చోటు పెరుగుతుంది, గాలి లోపలికొస్తుంది. ఊరికే కూర్చున్నప్పుడు అది దిగేది ఒకటి రెండు సెంటీమీటర్లు. గుండెనిండా పీలిస్తే పది సెంటీమీటర్ల దాకా కూడా దిగగలదు. అది దిగినప్పుడు కిందనున్న అవయవాలు పక్కకి జరగాలి కాబట్టి పొట్ట ముందుకొస్తుంది. గాలి పొట్టలోకి పోదు. పొట్ట కదలడం ఆ కండరం దిగిందనడానికి గుర్తు, అంతే.

దీనికి ఆజ్ఞలు మోసుకొచ్చే నరం మెడలోంచి బయల్దేరి, గుండె పక్కనుంచి దిగి వస్తుంది. ఇంత పెద్ద కండరమైనా, చెయ్యి మడిచినట్టు దీన్ని మడవలేం, ఎక్కడుందో లోపల్నుంచి పోల్చుకోలేం. ఎక్కిళ్ళు వచ్చినప్పుడు తప్ప అదొకటి ఉందని కూడా తోచదు. కనుక దాన్ని నేరుగా బలపరచడమంటూ ఉండదు. దానికి పని పడేలా ఊపిరి తీసి, ఊపిరి వదలాలి.

అసలు చిక్కు ఇక్కడుంది. డయాఫ్రం పీల్చే కండరం. పాట నడిచేదేమో విడిచే ఊపిరి మీద. మామూలుగా కూర్చున్నప్పుడు ఒక్కో శ్వాసలో వచ్చిపోయేది అరలీటరు గాలి. అది బయటికి పోవడానికి మనం ఏమీ చెయ్యనక్కర్లేదు, ఊపిరితిత్తులు సాగి మళ్ళీ ముడుచుకునే గుణంవల్లే పోతుంది. పెద్దవాళ్ళు నిండుగా పీల్చి పూర్తిగా వదిలితే అది మూడు నుంచి ఐదు లీటర్లు. అంత నిండిన ఊపిరితిత్తులు మరింత ఆత్రంగా ముడుచుకోవాలని చూస్తాయి. పాడేవాళ్ళు మొదటి అక్షరం దగ్గర చెయ్యాల్సింది ఆ ఆత్రాన్ని ఆపడం. పీల్చడానికి వాడిన పక్కటెముకల కండరాల్ని వెంటనే వదిలెయ్యకుండా నిలిపి ఉంచితే గాలి నెమ్మదిగా పోతుంది. లైను సగం దాటాక ఆ ఒత్తిడి తగ్గిపోతుంది, అప్పుడు పొట్ట కండరాలు లోపలికి ఒత్తి సాయం పట్టాలి. ఎక్కడ ఆపడం మానాలో, ఎక్కడ ఒత్తడం మొదలుపెట్టాలో వినేవాళ్ళకి తెలియకూడదు. నాటకంలో కృష్ణుడి పక్కన వాయించే హార్మోనియంలోనూ ఇదే ఏర్పాటు ఉంది. చేత్తో కొట్టే తిత్తి బయటికి కనిపిస్తుంది. లోపల స్ప్రింగుల మీద ఇంకో తిత్తి ఉంటుంది. చెయ్యి ఆగినా, అదిరినా, లోపలి తిత్తి గాలిని ఒకే ఒత్తిడితో పంపుతుంది కాబట్టే స్వరం కదలదు.

కోవిడ్ రోజుల్లో ఇంటింటికీ వచ్చిన మూడు బంతుల ప్లాస్టిక్ పరికరం చాలామంది దాచుకునే ఉంటారు. గొట్టంలోంచి పీలిస్తే బంతులు ఒక్కొక్కటే లేస్తాయి. రోగికి అది మంచి సాధనం. పాటకి దాంతోనే సరిపోతుందనుకుంటే మాత్రం సగం పనే అయినట్టు, అది నేర్పేది పీల్చడం.

నా పిల్లలకి నేను మొదట చేయించేది వెల్లకిలా పడుకోబెట్టడం. మొన్న తొమ్మిదేళ్ళ పాపని చాప మీద పడుకోబెట్టి, మోకాళ్ళు మడిచి పాదాలు నేలకి ఆనించమని, పొట్ట మీద పెద్దబాలశిక్ష పెట్టాను. ఊపిరి పీల్చమంటే భుజాలు చెవుల దాకా లేచాయి, పుస్తకం కదల్లేదు. "పుస్తకాన్ని నువ్వు లేపకు తల్లీ, అది లేస్తుందేమో చూస్తూ ఉండు" అన్నాను. కాసేపు నవ్వింది, నవ్వుతుంటే పుస్తకం ఎగిరెగిరి పడింది. తర్వాత విసుగొచ్చి కళ్ళు మూసుకుంది. ఆ విసుగులోనే భుజాలు సడలి, పుస్తకం మెల్లగా లేచి మెల్లగా దిగడం మొదలైంది. నిద్రలో ఆ పాప రోజూ తీసే ఊపిరే అది. చంటిపిల్లలంతా పొట్టతోనే పీలుస్తారు. ఎదిగేకొద్దీ "పొట్ట లోపలికి లాక్కో, నిటారుగా నిలబడు" అని మనమే దాన్ని మాన్పించాం.

పుస్తకం లేవడం వచ్చాక దిగడం మీద పని. 'స్స్' అంటూ పళ్ళ సందులోంచి గాలిని వదలమంటాను. ఎంతసేపు వదిలిందో నేను లెక్కపెట్టను, ఆ చప్పుడు మొదట్లో ఎలా ఉందో చివరిదాకా అలాగే ఉందా అని వింటాను. మొదట గట్టిగా వచ్చి తర్వాత సన్నబడితే గాలి కారిపోయిందన్నమాట. మధ్యలో వణికితే పట్టు తప్పిందన్నమాట. అది కుదిరాక అదే ఊపిరి మీద తంబుర పెట్టుకుని షడ్జమం. ఆకారంతో మంద్రంలో నిలపడం, సన్నగా ఎత్తుకుని పెంచి మళ్ళీ తగ్గించడం. ఈ అభ్యాసాలు రోజుకి కొద్దిసేపు చాలు. తల తిరిగినట్టనిపిస్తే అక్కడితో ఆపి మామూలుగా ఊపిరి తీసుకోవాలి. ఉబ్బసం, గుండె జబ్బు, హెర్నియా ఉన్నవాళ్ళు డాక్టరునడిగాకే మొదలుపెట్టాలి.

మా మాస్టారు ఈ పుస్తకాలు, చాపలు ఎరగరు. తెల్లవారుజామున లేపి మంద్రస్థాయి సాధన చేయించేవారు. పైస్థాయి పాడాలని నేను ఉబలాటపడితే, "కింద పునాది పడనీవే, మేడ ఎక్కడికీ పోదు" అనేవారు. అదంతా గొంతు కోసమేననుకునేదాన్ని. మంద్రంలో నిలిపి పాడాలంటే అరిచి నెట్టడానికి వీల్లేదు, గాలిని పొదుపుగా పంపితేనే స్వరం బతుకుతుంది. మన పెద్దలు డయాఫ్రం పేరెత్తకుండానే దానికి పని కల్పించారు. పురందరదాసు పేర వస్తున్న పాఠక్రమాన్నే చూడండి. మాయామాళవగౌళలో సరళీ వరసలు మొదటి కాలంలో, అంటే తాళంలో అక్షరానికి ఒక స్వరం చొప్పున, ఆకారంతో పాడితే ఒక ఆవర్తనానికి ఎనిమిది స్వరాలు ఒకే గుక్కలో నిలవాలి. జంట వరసల్లో రెండో స్వరాన్ని నొక్కి పలకాలంటారు. పొట్ట మీద చెయ్యి వేసుకుని జంట వరస పాడి చూడండి, ప్రతి నొక్కుకీ ఒక చిన్న అదురు తగులుతుంది. ఇంతకంటే మంచి కసరత్తు బయటెక్కడా నాకు దొరకలేదు. జంట వరసల్ని నెలలో ముగించి గీతాలకి దూకించే పాఠాలు చూస్తే బాధేస్తుంది.

శాస్త్రాలు కూడా నాదాన్ని కిందనుంచే మొదలుపెడతాయి. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో, మనసు దేహంలోని అగ్నిని తట్టితే అగ్ని వాయువుని కదిలిస్తుందని, ఆ వాయువు నాభి, హృదయం, కంఠం, శిరస్సుల మీదుగా వచ్చి నోట పలుకుతుందని చెప్పాడు. త్యాగరాజస్వామి (1767–1847) జగన్మోహిని రాగంలో 'శోభిల్లు సప్తస్వర' చేసినప్పుడు స్వరాలు వెలిగే చోట్లని నాభితోనే మొదలుపెట్టారు. ధ్వని పుట్టేది స్వరతంతువుల దగ్గరేనని ఇవాళ మనకి తెలుసు. అయినా పాడేవాళ్ళ అనుభవం ఆ పాత వరసనే ఒప్పుకుంటుంది. గొంతు దగ్గర పట్టు బిగిస్తే పాట బిగుసుకుపోతుంది. పట్టు కిందికి దించితే గొంతు తేలికపడుతుంది.

అందుకే పద్యాన్ని కూడా ఊపిరి సాధనకి వాడుకోమంటాను, పాట రానివాళ్ళకి సైతం. ఉత్పలమాల, చంపకమాల పాదానికి 28 మాత్రలు. శార్దూలం, మత్తేభం 30. ముందు ఒక పాదం ఒక గుక్కలో, తర్వాత రెండు పాదాలు, ఆ తర్వాత నాలుగూ. రాగం అక్కర్లేదు, నింపాదిగా, అక్షరం మింగకుండా చదివితే చాలు. శార్దూలం గురువులతో ఎత్తుకుంటుంది కనుక నిండు ఊపిరితో మొదలై గాలి తొందరగా ఖర్చవుతుంది. చంపకమాల నాలుగు లఘువులతో ఎత్తుకుంటుంది, అక్కడ నాలుకకి పని ఎక్కువ, గాలికి తక్కువ. పోతన భాగవతం ఇంట్లో ఉంటే ఒక జీవితానికి సరిపడా పాఠాలు ఉన్నట్టే.

పద్యం దగ్గర ఇంకో పాఠం కూడా దొరుకుతుంది, నా లెక్కన ఇదే పెద్దది. గుక్క ఎక్కడ తిప్పుకోవాలి? సంస్కృత శ్లోకంలో యతి విరామస్థానం, అక్కడ ఆగవచ్చు. తెలుగు పద్యంలో యతి అంటే అక్షరమైత్రి. అక్కడ ఆగమని నియమం లేదు, చాలాసార్లు మాట నడిమధ్యనే యతిస్థానం వస్తుంది. పాదం చివరైనా ఆగుదామంటే అక్కడా మాట విరిగి కింది పాదంలోకి సాగిపోవచ్చు. మన పద్యం గాయకుడికి ఊపిరి చోట్లు చూపించదు. అర్థం తెలిసినవాడే వెతుక్కోవాలి. సంబోధన అయిపోయాక, క్రియ పలికాక, ఒక ఊహ ముగిసి ఇంకోటి మొదలయ్యే చోట. మంచి నటుడు అక్కడే ఆగుతాడు, ఆగినప్పుడు హార్మోనియం ఆ ఖాళీని నింపుతుంది, ఆ విరామం కూడా పద్యంలో భాగమే అనిపిస్తుంది. కీర్తన పాడేవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది. దేవుడి పేరుని మధ్యకి విరిచి ఊపిరి తీసుకోవడం, "లేదు" అన్న మాటలో "లే" దగ్గర ఆగి "దు"ని తర్వాతి లైనుకి అతికించడం పెద్ద కచేరీల్లోనూ వింటుంటాం. త్యాగరాజు, అన్నమయ్య, క్షేత్రయ్య మన భాషలో రాశారు. ఆ మాట తెగకుండా ఉండాలంటే పాడేవాళ్ళకి రెండు కావాలి, అర్థం తెలియడం, మాట పూర్తయ్యేదాకా ఊపిరి నిలవడం. మొదటిది లేనివాళ్ళకి రెండోది ఎంతున్నా ప్రయోజనం లేదు.

ప్రాణాయామం చేస్తే సరిపోతుందా అని అడుగుతుంటారు. మేలే చేస్తుంది, భ్రామరి మరీ మంచిది, ఎందుకంటే అందులో తుమ్మెదలా ఝుంకరిస్తూ నెమ్మదిగా ఊపిరి విడవడమే ఉంది. కుంభకం సంగతి వేరు. అక్కడ గాలిని బంధించి కూర్చుంటాం. పాటలో గాలి క్షణం కూడా ఆగకూడదు, గొంతు తలుపు మూయకూడదు. కుంభకానికి బాగా అలవాటుపడ్డ కొందరు పాట ఎత్తుకునే ముందు గొంతు బిగించి, తర్వాత పగలగొట్టినట్టు మొదటి అక్షరం పలకడం విన్నాను. ఆ అలవాటు మాన్పించడం కష్టం.

చిన్న విషయాలు కొన్ని పెద్ద తేడా చేస్తాయి. బాసింపట్టు వేసుకుని వెన్ను నిలిపి కూర్చుంటే పొట్టకి చోటుంటుంది. ఫోనులో సాహిత్యం చూస్తూ ముందుకి వంగితే ఉండదు. కచేరీకి ముందు కడుపునిండా తింటే డయాఫ్రం దిగడానికి అడ్డం. పట్టుచీర కుచ్చిళ్ళు, లంగా బొందు నడుము దగ్గర కోసుకునేలా బిగించి వేదికెక్కిన ఆడపిల్లలు ఆ రోజు రోజూ పాడినంత పాడలేరు. కంగారు వల్ల అనుకుంటారు. సగం కారణం ఆ ముడి.

ఇప్పటి పిల్లలు వింటున్న పాటల గురించి కూడా చెప్పాలి. పాత రికార్డుల్లో శ్రద్ధగా వింటే గాయకుడు ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపిస్తుంది. ఇవాళ స్టూడియోలో ఒక్కో లైను విడివిడిగా పాడించి అతికించవచ్చు, ఊపిరి చప్పుడు తీసెయ్యవచ్చు. ఆ పాట విని పిల్లలు అది ఒకే గుక్కలో పాడినదనుకుంటారు. వేదిక మీద అలాగే పాడబోయి గుటకలు మింగుతారు, భుజాలతో గాలి లాక్కుంటారు, పై స్వరాన్ని అరిచి అందుకుంటారు. తప్పు ఆ పిల్లలది కాదు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఆ పాట వాళ్ళకి చూపించలేదు, పక్కనున్న పెద్దలూ చూపించలేదు. ఊపిరి తీసుకోవడం పాడడంలో భాగమని, అది దాచుకోవాల్సిన లోపం కాదని పిల్లలకి ఎవరో ఒకరు చెప్పాలి.

తల్లిదండ్రులకి నాదొక విన్నపం. మీ పిల్లకి సంగీతం మొదలుపెట్టిన ఏడాది టీవీ పోటీల దరఖాస్తులు పక్కన పెట్టండి. మాస్టారు సరళీ వరసల దగ్గరే ఉన్నారని తొందరపెట్టకండి. పాప సాధన చేస్తుంటే ఎదురుగా కూర్చుని భుజాలు చూడండి. అవి లేస్తున్నంతకాలం కొత్త పాట చెప్పించవద్దు.